పేరు చెక్కిన కంచం

ఆ వేసవిలో నాకు రెండు జబ్బులు ఉండేవి. ఒకటి నా ఒంట్లో ఉన్నది, ఇంకోటి మావాళ్ళు ఊళ్ళో చెప్పుకున్నది. ఒంట్లో ఉన్నదాని పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు. ఊళ్ళో చెప్పుకున్నదాని పేరు మాత్రం మా అత్తయ్య పద్మావతమ్మకు నోరు తిరిగేదాకా నేర్పించారు. తిరగలేదనుకోండి, అది వేరే సంగతి.

మాది కంకిపాడు అవతల, కాలవ పక్కన నేతపనివాళ్ళ వీధి. మా ఆయన భావనారాయణ ఒక మగ్గం మీద, నేనొక మగ్గం మీద. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ అదే బతుకు. దానిమీద నాకు ఫిర్యాదేమీ లేదు, నిజం చెప్పాలంటే గర్వం కూడా ఉండేది. పడుగులో పోగు తెగితే మా ఆయన కళ్ళజోడు సర్దుకుని, వంగి వెతుక్కునేవాడు. నేను ఎడమచేతి వేళ్ళతో అలా తడిమితే చాలు, ఎక్కడ తెగిందో తెలిసిపోయేది. "నీ వేళ్ళకి కళ్ళున్నాయే సింధూ" అన్నాడొకసారి. మా ఆయన నోటినుంచి పొగడ్త రాలడమే గొప్ప. అందుకని ఆ మాట దాచుకున్నాను.

ఎండలు ముదరకముందే రాత్రిళ్ళు తిమ్మిర్లు మొదలయ్యాయి. ఎడమచేతి చిటికెనవేలు, దాని పక్క వేలు, అక్కణ్ణుంచి మోచేతి దాకా చీమలు పాకినట్టుండేది. పాదాలూ అంతే. లేచి కూర్చుని విదిలించుకుంటే కాసేపు పోయేవి, నడుం వాలిస్తే మళ్ళీ వచ్చేవి. మోచేతి వెనక ఎర్రటి మచ్చ ఒకటి లేచింది. దాని మీద దోమ వాలి కడుపునిండా తాగి పోయినా నాకు తెలిసేది కాదు. పగలంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేదానికి తిమ్మిర్లు రాకేమొస్తాయని మా ఆయన తేల్చేశాడు. నేనూ సరేననుకున్నాను.

ఆ రోజుల్లోనే తెరేసమ్మ సర్వేకి వచ్చింది. తెరేసమ్మ మా ఊరి ఆశా వర్కరు, చర్చి వెనక పేటలో ఉంటుంది. ఎండనపడి వచ్చిందని అత్తయ్య మంచినీళ్ళిచ్చింది, అరుగు గూట్లో ఆమె కోసమని వేరే ఉంచిన గ్లాసుతో. తెరేసమ్మ తాగి, గ్లాసు తనే కడిగి, మళ్ళీ గూట్లో బోర్లించి, ఇంటింటికీ అడిగే ప్రశ్న అడిగింది.

"ఇంట్లో ఎవరికన్నా ఒంటిమీద స్పర్శ లేని మచ్చలున్నాయా అండీ?"

"మా ఇంట్లో అట్టాంటియ్యేం లేవమ్మా" అంది అత్తయ్య.

వీధిలో అందరూ చెప్పే జవాబే అది. జ్వరాలున్నాయా అంటే కాస్త ఆలోచించి చెప్తారు గానీ, దీనికి మాత్రం ప్రశ్న పూర్తికాకముందే జవాబు సిద్ధం. నేను లోపల మగ్గం మీద నాడెలో నూలు కండె మారుస్తున్నాను. నా మోచెయ్యి చూపించాలని నాకు తట్టనే లేదు. నాది తిమ్మిరి, వాళ్ళడిగేది పెద్దరోగం. ఆ రెంటికీ చుట్టరికం ఉందని నాకెవరు చెప్పారు గనుక?

తర్వాత ఒకరోజు గంజి వారుస్తుంటే చిటికెనవేలు కాలి బొబ్బెక్కింది. కాలిన సంగతి బొబ్బ చూసి తెలుసుకున్నాను. అప్పుడు మా ఆయన కంగారుపడి వాళ్ళన్నయ్యకు ఫోన్ చేశాడు.

మా బావగారు తేజేశ్వర్‌కి విజయవాడలో బట్టల కొట్టు ఉంది. మేం నేసినవి ఆయన అమ్ముతారు. కొట్టుతోపాటు ఆయనకు ఇంకో వ్యాపారం కూడా ఉంది. డబ్బాల్లో పొడులు, సీసాల్లో గొట్టం బిళ్ళలు. వాటిని మందులంటే ఊరుకోరు, సప్లిమెంట్లనాలి. ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్ళకంటే ముందు ఆ సప్లిమెంట్ల సంగతి చెప్పే మనిషి. అయినా సిటీలో నలుగురూ తెలిసినవాడు ఆయనే కాబట్టి, బందరు రోడ్డులో ఒక చర్మం డాక్టరు దగ్గరకు ఆయనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. మా ఆయన మగ్గం మీద చీర సగంలో ఉందని రాలేదు.

డాక్టరుగారు నన్ను కళ్ళు మూసుకోమన్నారు.

"దూది తగిలినప్పుడల్లా చెప్పమ్మా."

కళ్ళు మూసుకుని చెయ్యి చాపి కూర్చున్నాను. ఏసీ చప్పుడు వినిపిస్తోంది. బావగారు దగ్గారు. ఎంతసేపటికీ ఏమీ తగలకపోయేసరికి, "ఇంకా మొదలెట్టలేదా అండీ?" అన్నాను.

కళ్ళు తెరిచేసరికి డాక్టరుగారు దూదిని పక్కన పడేస్తున్నారు. బావగారు నేలకేసి చూస్తున్నారు. "నువ్వు బయట కూర్చోమ్మా, మీ బావగారితో మాట్లాడతాను" అన్నారు డాక్టరుగారు. ఒళ్ళు నాది, జబ్బు నాది, మాట్లాడేది మాత్రం బావగారితో. అప్పట్లో నాకదేమీ వింతగా అనిపించలేదు. బెంచీ మీద కూర్చుని గోడ మీద పటాలు చూస్తూ గడిపాను.

బావగారు చాలాసేపటికి బయటికొచ్చారు. అంత చల్లటి గదిలోంచి వచ్చి చేతిరుమాలుతో మొహం తుడుచుకుంటున్నారు.

"ఏమన్నారండీ?"

"ఏముందమ్మా, నరాల బలహీనత. పదా, పునుగులు తిందాం. నీకిష్టం గదా."

ఇన్నేళ్ళలో ఆ మనిషి నాకు టీ కూడా తాగించిన పాపాన పోలేదు. ఆ సాయంత్రం పొట్లం నిండా పునుగులు కొని, బస్సు ఎక్కించి, కిటికీ పక్కన సీటు చూసి మరీ కూర్చోబెట్టారు. మనిషి ఎంత మారిపోయాడో అని మురిసిపోయాను.

ఆ వారంలోనే కారులో దిగారు. సంచినిండా సీసాలు, నోటినిండా కొత్త పేరు. "లైమ్" అన్నారు. ఫారిన్‌లో పెద్ద పెద్దవాళ్ళకు వచ్చే జబ్బట. కుక్కల ఒంటిమీద ఉండే గోమారి కుడితే ఎర్రమచ్చ లేస్తుందట, రాత్రిపూట కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయట.

"అచ్చం ఇయ్యేగా నీకున్నయ్యి? మా సప్లిమెంట్ల కంపెనీ డయానా మేడమ్‌కి చెప్తే వీడియో పంపిచ్చారు. ఇదిగో, పొద్దున బీట్వెల్వు నాలిక కింద పెట్టుకోవాలి. రాత్రికి మెగ్నీషియం. ఈ పొడి పాలల్లో. నరాలు మళ్ళీ పుట్టుకొస్తయ్యమ్మా."

"మరి డాక్టరుగారు మందేం రాయలేదా అండీ?"

"ఇంగ్లీషు మందులు వేడి. మనకెందుకూ?"

మా ఆయన గోడకానుకుని నిలబడి విన్నాడు. ఏమీ అనలేదు. మా ఆయన ఎప్పుడూ ఏమీ అనడు కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

జబ్బుకు పేరు దొరికింది, పేరు వీధిలోకి వెళ్ళింది. అత్తయ్యకు లైమ్ అంటే బజార్లో దొరికే లైమ్ సోడానే తెలుసు. అందుకని అడిగినవాళ్ళందరికీ "మా కోడలికి నిమ్మకాయ జబ్బు" అని చెప్పుకొచ్చింది. నిమ్మకాయలు ఎక్కువ తింటే వస్తుందా, తినకపోతే వస్తుందా అని వీధిలో రెండు పార్టీలయ్యాయి. ఎదురింటివాళ్ళు నిమ్మకాయ పచ్చడి తెచ్చిచ్చారు, పక్కింటివాళ్ళు ఉన్నది పారేశారు. నేనూ నవ్వాను. ఫారిన్ జబ్బు వచ్చిందంటే జనం కాస్త మర్యాదగా చూస్తారని అప్పుడే తెలిసింది.

ఆ మర్యాదకు మొదట బలైంది సిపాయి. సిపాయి మా కుక్క. నా మగ్గం పక్కన చల్లటి నేల మీద పడుకుని, నాడె చప్పుడు ఆగితే తలెత్తి చూసేది. గోమారి మాట వినగానే అత్తయ్య దాన్ని ఇంట్లో ఉంచడానికి వీల్లేదంది. మా ఆయన దాన్ని గోనెసంచిలో కూర్చోబెట్టి, బండి మీద తీసుకెళ్ళి, కృష్ణా కరకట్ట మీద ఎక్కడో వదిలేసి వచ్చాడు. సంచిలో కూర్చోడానికి అది మారాం కూడా చెయ్యలేదు, షికారనుకుంది. తిరిగొచ్చాక ఆయన నూతి దగ్గర చాలాసేపు నీళ్ళు పోసుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుక్క మీద బెంగ కాబోలనుకుని నేనే ఓదార్చాను.

ఇంకొక సంగతి కూడా ఆ వారమే జరిగింది. అత్తయ్య నాకోసం కొత్త స్టీలు కంచం, గ్లాసు తెప్పించింది, పేరు చెక్కించి. మా ఇంట్లో సామాన్లన్నిటి మీదా మా మామయ్య వెంకటప్పయ్య పేరుంటుంది. నేను పుట్టింటినుంచి తెచ్చుకున్న వాటిమీద మా నాన్న పేరుంటుంది. నా పేరున్న చెంచా కూడా అంతవరకూ ఈ లోకంలో లేదు. ఆ కంచం అంచు మీద చుక్కలు చుక్కలుగా "సింధూరి" అని ఉంది. దీర్ఘం కాస్త వంకరగా పడింది. అయినా కంచం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను.

"మందులు తింటన్నావు గదా, నీ కంచం నీకుంటే పథ్యానికి మంచిది" అంది అత్తయ్య. "నువ్వే కడుక్కో. అందరి సామాన్లలో పడేస్తే గీతలు పడతయ్యి."

కడుక్కుని, వెనక వసారాలో ఆమె చూపించిన చోటే బోర్లించేదాన్ని. ఎంత అపురూపంగా చూస్తున్నారో అనుకున్నాను. రాత్రి మాత్ర మా ఆయనే ఇచ్చేవాడు. చెయ్యి పట్టమని, పైనుంచి తీర్థంలా జారవిడిచేవాడు.

ఆషాఢం వచ్చేసరికి తిమ్మిర్లు పోయాయి. ఒట్టు, పూర్తిగా పోయాయి. చీమలు లేవు, సూదులు లేవు, కంటినిండా నిద్ర. బావగారి మీద నాకు భక్తి కుదిరింది. ఒక్కటే ఇబ్బంది, మగ్గం మీద తెగిన పోగు వేలికి దొరకడం మానేసింది. మా ఆయన పాత కళ్ళజోడు పెట్టుకుని నేనూ వంగి వెతుక్కోవలసి వచ్చేది. శ్రావణమాసం చీరలు తొందరమీదున్నాయి, నేసిన గుడ్డలో తప్పులు పడుతున్నాయి. చిటికెనవేలు లోపలికి వంగి, చాపితే చాచుకోవడం లేదు. బావగారికి చెప్తే, నయమయ్యే ముందు వేళ్ళు విశ్రాంతి తీసుకుంటాయన్నారు. వేళ్ళకు కూడా సెలవులుంటాయని నమ్మాను.

ఆషాఢం చివర్లో నన్ను విజయవాడలో ఒక ఫంక్షన్ హాలుకి తీసుకెళ్ళారు. సప్లిమెంట్లవాళ్ళ మీటింగు. "నీకు తగ్గిన సంగతి నాలుగు ముక్కలు చెప్పు, చాలు" అన్నారు బావగారు. ముందువరుసలో కొండపల్లివాళ్ళు కూర్చుని ఉన్నారు, బావగారి అమ్మాయి కీర్తనను చూసుకుని వెళ్ళిన పెళ్ళివారు. మీ ఇంట్లో ఎవరికో ఏదో జబ్బట కదా అని వాళ్ళు అడిగారని అప్పటికే మా తోటికోడలు నా చెవిన వేసింది. పిల్ల మంచిది, సంబంధం మంచిది. నా మూలంగా అనుమానం ఎందుకని నేనే ఉత్సాహంగా స్టేజీ ఎక్కాను.

డయానా మేడమ్ మైకు నా నోటి దగ్గర పెట్టారు. "రాత్రిపూట తిమ్మిర్లు ఎలా ఉన్నాయి సింధూరి గారూ?"

"లేవండీ. ఇప్పుడసలేమీ తెలియట్లేదండీ."

హాలంతా చప్పట్లు. నేను చెప్పింది పచ్చి నిజం, వాళ్ళు చప్పట్లు కొట్టిందీ దానికే.

తర్వాత నన్ను దీపం వెలిగించమన్నారు. ఎడమచేత్తో కొవ్వొత్తి పట్టుకుని, కుడిచేత్తో పమిట సర్దుకుని, ఫోటోవాళ్ళు ఆగమంటే అలాగే నవ్వుతూ ఆగాను. ముందు వాసన వచ్చింది. తర్వాత డయానా మేడమ్ కేక వేశారు, "అయ్యో, చెయ్యి, చెయ్యి!" చూసుకున్నాను. కొవ్వొత్తి కిందదాకా కాలిపోయి, మైనం రెండు వేళ్ళమీదుగా కారి గడ్డకట్టింది, మంట చిటికెనవేలిని తాకుతోంది. అందరి మొహాల్లోనూ కంగారే. బావగారి మొహంలో ఆశ్చర్యం లేదు. ఆయన గబగబా వచ్చి నా చెయ్యి మీద రుమాలు కప్పి, కొండపల్లివాళ్ళ వైపు చూశారు.

ఇంటికొచ్చేదాకా ఆయన చాలా కబుర్లు చెప్పారు. నేనొక్కటీ వినలేదు.

మర్నాడు పొద్దున్నే పేటలో తెరేసమ్మ ఇంటికి వెళ్ళాను. అంతవరకూ ఆ గుమ్మం తొక్కింది లేదు. ఆమె కంగారుగా కుర్చీ వేసింది.

"తెరేసమ్మా, సర్వేకి వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడిగావే, అది మళ్ళీ అడుగు."

"ఏ ప్రశ్న అండీ?"

"మచ్చలది."

నా చేతికున్న కట్టు చూసింది. తర్వాత నెమ్మదిగా, సర్వేలో అడిగినట్టే అడిగింది. "ఒంటిమీద స్పర్శ లేని మచ్చలున్నాయా అండీ?"

"ఉంది" అన్నాను.

"ఉండండి, చీర మార్చుకొస్తా, ఆస్పత్రికి పోదాం" అని లోపలికి వెళ్ళింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఈసారి నాతోనే మాట్లాడింది. "లైమ్ అనే జబ్బు లేకపోలేదమ్మా. నీకొచ్చింది మాత్రం అది కాదు, కుష్టు. భయపడకు, పూర్తిగా తగ్గిపోతుంది. మందు మేమే ఇస్తాం, ఏడాది మానకుండా వాడాలి. మొదలుపెడితే ఇంకొకరికి అంటుకోదు."

"కానీ ఆ సీసాలు వాడాక తిమ్మిర్లు తగ్గాయండీ."

"తగ్గలేదమ్మా. తిమ్మిరి తెలియాలంటే నరం ఉండాలి గదా."

"వేళ్ళు?"

ఆమె నా చిటికెనవేలు పట్టుకుని చాపడానికి చూసింది. "వేసవిలో వచ్చుంటే బాగుండేది. ఈ రెండింటికీ స్పర్శ వస్తుందని చెప్పలేను. మిగతావి కాపాడుకుందాం."

లేవబోతూ ఒక మాట అడిగాను. "కంచం, గ్లాసు వేరే పెట్టుకోవాలా అండీ?"

"అక్కర్లేదమ్మా. కంచాల వల్ల రాదు. ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ ప్రశ్న నా నోట్లోంచి వచ్చాకగానీ నాకు అర్థం కాలేదు. అత్తయ్య ముద్దుగా చెక్కించిన పేరు, నన్ను పిలవడానికి కాదు, తప్పుకోడానికి. తెరేసమ్మ గ్లాసు అరుగు గూట్లో ఉంటుంది, నా కంచం వెనక వసారాలో ఉంటుంది. నాకిచ్చిన మర్యాదల్లా నా దానిమీద పేరు ఉండటమే. పక్కనే నిలబడ్డ తెరేసమ్మ మొహం చూడటానికి సిగ్గేసింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి బావగారు స్వీట్ల డబ్బాతో కూర్చుని ఉన్నారు. కొండపల్లివాళ్ళు ఒప్పుకున్నారట, శ్రావణమాసంలో తాంబూలాలట. భోజనం చేసి వెళ్తానన్నారు. పీట వేశాను. వసారాలోంచి నా కంచం తెచ్చి ఆయన ముందు పెట్టి, అన్నం వడ్డించాను.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఇది నీ కంచం గదమ్మా."

"నాదే అండీ. నాది లైమే కదా, కుక్కల వల్ల వచ్చేది. కంచాల వల్ల రాదు. తినండి."

బావగారు లేచి, కొట్లో పనుందని చెప్పులు వెతుక్కున్నారు. కారు వెళ్ళిపోయిన చప్పుడయ్యాక అత్తయ్య గొంతు తగ్గించింది.

"తెలిసిపోయిందా? పోనీలే. మందుదేముందే, ఎప్పుడైనా మింగొచ్చు. సంబంధం పోతే మళ్ళీ వస్తదా? పిల్ల పెళ్ళయ్యేదాకా ఆగుదామనుకున్నాం."

"నా వేళ్ళు ఆగలేదత్తయ్యా" అన్నాను.

ఆమె పమిటతో మొహం కప్పుకుంది. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగదు. ఆ పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. కీర్తనకు ఈ సంగతేదీ తెలియదు, నేను చెప్పలేదు. పిల్ల ఏం చేసిందని?

కానీ ఆ సాయంత్రం నాకింకా ఒక మనిషి మిగిలి ఉన్నాడు. అంతమందీ నా దగ్గర దాచినా, ఆయన దగ్గర కూడా దాచే ఉంటారనుకున్నాను. నాలాగే అమాయకంగా ఆ సీసాలను నమ్మి ఉంటాడనుకున్నాను. ఆయన నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి, ఎప్పటిలాగే పీట మీద కూర్చున్నాడు. బావగారికి వడ్డించిన అన్నం అలాగే ఉంది. అదే కంచం ఆయన ముందుకు జరిపి, పప్పు వేసి, నెయ్యి వేశాను.

మా ఆయన అంచు మీది అక్షరాలు చూశాడు. చూసి, కుడిచెయ్యి మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఆకలిగా లేదు సింధూ."

అడగడానికి చాలా ఉన్నాయి. నా వేళ్ళ సంగతి అడగొచ్చు. పైనుంచి జారవిడిచిన మాత్రల సంగతి అడగొచ్చు. నా నోటికి మాత్రం ఒక్కటే వచ్చింది.

"మరి సిపాయిని ఎందుకు వదిలేసి వచ్చారండీ?"

ఆయన "అన్నయ్య..." అని ఆగిపోయి, గుమ్మం వైపు చూశాడు. కంచం నావైపు లాక్కుని, ఆ అన్నం నేనే తిన్నాను.